సౌదీ ఇళ్లలో నెయ్యి లేని వంట

అరేబియా ద్వీపకల్పంలో గొర్రె, మేక, ఒంటె ఆస్తి కింద లెక్క. ఆస్తిని ఎవరూ రోజూ కోసుకు తినరు. అతిథి వచ్చినప్పుడు, పెళ్లికి, బక్రీదుకు మాంసం వండేవారు. మిగతా రోజుల్లో ఒయాసిస్ గ్రామాల ఇళ్లలో పొయ్యెక్కింది గోధుమ, యవలు, జొన్న, సజ్జ. వాటికి తోడు ఖర్జూరం. ఇవాళ సౌదీ భోజనం అనగానే అందరికీ తట్టే కబ్సా, మందీ అనే మాంసం, అన్నం పళ్లేలు మొన్నమొన్నటి దాకా విందు వంటలే. దేశం నడిబొడ్డున ఉన్న నజ్ద్ ప్రాంతంలో వరి అన్నం రోజూ తినే తిండి కావడం కూడా 20వ శతాబ్దపు ముచ్చట. అంతకు ముందు పిండి, నీళ్లు, ఉప్పు, ఖర్జూరం కలిపి చేసుకున్నదే చాలా ఇళ్లలో పూట గడిపింది. పాలు, నెయ్యి, గుడ్లు, తేనె కూడా లేకుండా వండేదాన్ని ఇప్పుడు వీగన్ వంట అంటున్నారు. ఆ పాత వంట దానికి చాలా దగ్గరగా ఉంటుంది, కాకపోతే దాన్ని ఎవరూ కోరి ఎంచుకోలేదు.

ఎడారిలో తిరిగే బదూలకు ఒంటె పాలు, ఎండబెట్టిన పెరుగు ఉండలు ప్రధానం. ఊళ్లో స్థిరపడ్డ రైతు ఇంట్లో పాడి తక్కువ. నెయ్యి కావాలంటే బదూల దగ్గర ధాన్యమో ఖర్జూరమో ఇచ్చి తెచ్చుకోవాలి. అందుకే నెయ్యిని బట్టి ఇంటి స్థితి తెలిసేది. ఈ దేశపు పాత వంటకాల్లో చాలావాటికి రెండు రూపాలున్నాయి. కలిగిన రోజున పైన నెయ్యి పోస్తారు, లేని రోజున అదే వంటకం ఒట్టిగా తింటారు. వంటల పుస్తకాల్లోకి మొదటి రూపమే ఎక్కింది. రెండోదాన్ని రాసి పెట్టాలని ఎవరికీ తోచలేదు, అందులో గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు మరి.

మాంసం, పాలు కావాలనే మానేసినవారు అరబ్బు ప్రపంచంలో లేకపోలేదు. 11వ శతాబ్దపు సిరియా కవి అబుల్ అలా అల్ మఅర్రీ జంతువుల నుంచి వచ్చే పాలు, గుడ్లు, తేనె సహా అన్నీ వదిలేశాడు. ఇది తగునా అని అతనితో ఉత్తరాల్లో వాదించినవారూ ఉన్నారు. 10వ శతాబ్దంలో బాగ్దాదులో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన వంటల గ్రంథంలో రోగులకూ, ఉపవాసాలుండే క్రైస్తవులకూ మాంసం లేకుండా చేసే ‘ముజవ్వరాత్’ అనే వంటకాలు విడిగా కనిపిస్తాయి. ఈజిప్టు, సిరియా, ఇరాక్‌లలో క్రైస్తవ ఉపవాసాల వల్ల అలాంటి వంటకు ఒక పేరు, ఒక కాలం ఏర్పడ్డాయి. అరేబియా లోపలి భాగాల్లో ఆ ఆచారం నిలవలేదు. అక్కడ నెయ్యి లేని వంటకు వేరే పేరు అవసరం పడలేదు.

ఆ వంట మూలాలు చాలా లోతుకు పోతాయి. ఉత్తరాన జుబ్బా దగ్గరి జెబెల్ ఒరాఫ్‌లో సుమారు 7 వేల ఏళ్ల నాటి రుబ్బుడు రాళ్లు దొరికాయి. వాటిమీద ఎముకలు, రంగురాళ్లతో పాటు మొక్కలను కూడా నూరిన జాడలున్నాయి. ఇస్లాం తొలినాళ్ల మదీనా తిండి గురించి హదీసులు చెప్పేది ఇంకా స్పష్టం. ప్రవక్త ఇంట్లోనే నెలల తరబడి ఖర్జూరం, నీళ్లతో గడిచిన రోజులున్నాయి. రొట్టె ఎక్కువగా యవలతో చేసినదే. జల్లెడలు లేవు. తిరగలి పట్టిన పిండిని నోటితో ఊదితే ఎగిరిపోయినంత పొట్టు ఎగిరిపోయేది, మిగిలినది పిండితోనే తడిపి కాల్చేవారు. యవపిండితో కాచే తల్బీనా అనే జావ రోగులకూ, దుఃఖంలో ఉన్నవారికీ పెట్టేవారు. అది నేటికీ ఉంది, పాలు పోసినదీ పోయనిదీ రెండూ ఉన్నాయి.

ప్రయాణంలో పెనం కూడా ఉండదు. 1876 నుంచి 1878 దాకా అరేబియాలో తిరిగి, 1888లో తన యాత్రా గ్రంథాన్ని అచ్చువేసిన ఇంగ్లిషువాడు చార్లెస్ డౌటీ బూడిదలో కాల్చే రొట్టెను పదేపదే చూశాడు. పిండిలో నీళ్లు, ఉప్పు కలిపి అరచేతులతో మందంగా తట్టి, మండి ఆరిన నిప్పుల కింది వేడి ఇసుక మీద పరుస్తారు. పైన మళ్లీ నిప్పులు, బూడిద కప్పుతారు. ఒకసారి తిరగేస్తారు. తీశాక కర్రతోనో చేతితోనో కొట్టి బూడిద దులిపి, వేడివేడిగా తుంచుతారు. ఉంటే నెయ్యిలోనో ఖర్జూరంతోనో నలిపి తినేవారు, లేకపోతే అలాగే తినేవారు. ‘ఖుర్స్ అల్ జమ్ర్’ అనే పేరుతో ఇప్పుడు శీతాకాలంలో ఎడారికి షికారు వెళ్లే నగరవాసులు సరదాగా చేసుకుంటున్నది ఈ రొట్టెనే.

తూర్పున అల్ అహ్సా ఒయాసిస్‌కు వస్తే ఈ వంట బాగా చిక్కబడుతుంది. 25 లక్షలకు పైగా ఖర్జూరపు చెట్లున్న ఈ ఒయాసిస్‌ను 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఖలాస్ అనే ఖర్జూరం ఇక్కడి పేరున్న రకం. పండును పండుగానే తింటారు, మిగిలినది దిబ్స్ అవుతుంది. దిబ్స్ అంటే ఖర్జూరపు పాకం. పాతకాలంలో దీనికి పొయ్యి వెలిగించే పని లేదు. మద్బసా అనే చిన్న గదిలో నేలమీద గచ్చుతో సన్నని కాలువలు తీసేవారు. వాటిమీద ఖర్జూరం బుట్టలు ఒకదానిపై ఒకటి పేర్చి గది మూసేసేవారు. తమ బరువుకు తామే నలిగి, ఎండ వేడికి కరిగిన రసం కాలువల వెంట జారి గోతిలో పెట్టిన కుండలో పడేది. తేనె దొరకని ఇంట్లో తీపి కావాలంటే ఇదే. రొట్టె ముంచుకోవడానికీ ఇదే.

అదే ఖర్జూరం పిండిలోకి కూడా వెళ్లి అహ్సా ఎర్ర రొట్టె తయారైంది. ఖర్జూరాన్ని నానబెట్టి పిసికి, గింజలూ పీచూ తీసేసి, ఆ చిక్కటి నీళ్లతో పొట్టు తియ్యని గోధుమపిండి కలుపుతారు. అందులో నల్ల జీలకర్ర, సోంపు, నువ్వులు పడతాయి. తందూరును ఖర్జూరపు మట్టలతోనే కాగబెడతారు. పిండిని గుడ్డ దిండు మీద పరిచి, చేయి లోపలికి పెట్టి గోడకు అంటిస్తారు. కాసేపటికి ముదురు గోధుమరంగు తేలి, అంచులు కాస్త మాడి ఊడి వస్తుంది. పాలు, నెయ్యి, గుడ్డు ఏవీ లేకుండానే దానికి రంగు, తీపి, మెత్తదనం వచ్చాయి. ఈ దేశపు ఇంటి రొట్టెల్లో ఇంతకన్నా తెలివైనది ఇంకొకటి లేదనే చెప్పాలి. అది ఇప్పటికీ అహ్సాలోని హఫూఫ్ నగరపు రొట్టె అంగళ్లలో వేడిగా దొరుకుతుంది.

అహ్సాలో వరి కూడా పండుతుంది. ‘హసావీ’ బియ్యం ఎర్రగా ఉంటుంది, ఉప్పు నేలనూ ఎండనూ ఓర్చుకుంటుంది, నీళ్లు మాత్రం విపరీతంగా తాగుతుంది. బాలింతలకు బలమని ఈ అన్నం పెట్టడం ఆనవాయితీ. ఊటబావులు ధారాళంగా పారిన రోజుల్లో దాని సాగుకు ఇబ్బంది లేదు. భూగర్భజలం తగ్గి ఊటలు ఎండాయి, 1971లో మొదలైన సాగునీటి వ్యవస్థ నీటిని కొలిచి వదలడం మొదలుపెట్టింది. ఒకప్పటి పల్లె తిండి ఇప్పుడు కిలో 50 రియాళ్ల దాకా పలికే సరుకైంది.

నజ్ద్ ఉత్తర భాగంలోని ఖసీమ్‌లో చలికాలం గట్టిగా ఉంటుంది. అక్కడి ‘హనీనీ’ పొట్టుపిండి రొట్టెను తుంచి, ఖర్జూరంతో కలిపి వేడిమీద మెదిపే వంటకం. ఇందులోకి నెయ్యి వేయడం మామూలు. వేయకపోయినా ముద్ద కట్టడానికి ఖర్జూరం సరిపోతుంది. బురైదా ఊరికి పేరు తెచ్చింది మాత్రం ‘కులైజా’. గోధుమపిండి బిళ్లల మధ్య ఖర్జూరపు పాకం లేదా పంచదారలో యాలకులు, దాల్చినచెక్క, ఎండు నిమ్మ కలిపిన పూర్ణం పెట్టి, పైన అచ్చుతో పువ్వు వేసి కాలుస్తారు. ఇరాక్ కులైచాతో దీని చుట్టరికం దాచేది కాదు. ఖసీమ్‌కు చెందిన ఉఖైలాత్ అనే వర్తకులు 20వ శతాబ్దం మొదటి దశాబ్దాల దాకా ఒంటెలను, గుర్రాలను ఇరాక్, సిరియా, ఈజిప్టులకు తోలుకెళ్లి అమ్మేవారు. వస్తువులతో పాటు వంటలూ ఆ దారిలోనే వచ్చాయి. కులైజా చాలా రోజులు నిలవుంటుంది కాబట్టి దారి బత్తెంగా కుదిరింది. అందులో పడే కొవ్వు నెయ్యి కావచ్చు, నూనె కావచ్చు. ఇంటికో తీరు.

ఉత్తరాన అల్ జౌఫ్‌లో పిండి పొలంలోంచి కాక బయలులోంచి వచ్చేది. ‘సంహ్’ అనే చిన్న అడవి మొక్క వానలు బాగా పడిన ఏడు రాళ్ల నేలమీద పరుచుకుంటుంది. ఎండాక దాని కాయలను కోసి పోగు చేస్తారు. గట్టి కాయను పగలగొట్టడం కష్టమే, దానికి ప్రకృతే దారి చూపింది. ఈ కాయ తడిస్తే విచ్చుకుంటుంది. కాబట్టి నీళ్లలో పోసి కలుపుతారు, గింజలు రాలి అడుక్కు చేరతాయి, డొల్లలు పైకి తేలతాయి. గింజలను ఎండబెట్టి, వేయించి, తిరగలి పట్టి, ఖర్జూరంతో మెదిపితే ‘బకీలా’ అయింది. 19వ శతాబ్దంలో జౌఫ్ చూసిన యూరపు యాత్రికులు ఈ గింజ గురించి రాశారు. వానలు పడని ఏడాది బకీలా లేదు.

దక్షిణాన నేలా వేరు, ధాన్యమూ వేరు. ఎర్రసముద్రపు ఒడ్డున జాజాన్ తిహామా మైదానం జొన్న, సజ్జ, నువ్వుల సీమ. నానిన గింజను రాతిమీద నీళ్లు చల్లుతూ నూరి, ఆ ముద్దను రాత్రంతా పులవనిచ్చి, తెల్లారి ‘మీఫా’ అనే మట్టి తందూరులో కాలుస్తారు. ఈ రొట్టె పేరు ఖమీర్, కాస్త పులుపు, కాస్త గరుకు. నువ్వులను ఒంటె గానుగలో ఆడించి ‘సలీత్’ అనే నూనె తీసేవారు. కళ్లకు గంతలు కట్టిన ఒంటె చుట్టూ తిరుగుతుంటే, చెక్క రోలులో బరువైన రోకలి గింజలను నలుపుతూ వాలుగా తిరిగేది. అలాంటి గానుగలు కొన్ని ఇప్పటికీ ఆడుతున్నాయి. ఇంట్లో పాడి లేకున్నా కొవ్వు దొరికిన ప్రాంతం ఇది. అందుకే నెయ్యి లేని వంట ఇక్కడ నజ్ద్‌లో ఉన్నంత పేదగా కనిపించదు. పైన అసీర్ కొండల్లో మెట్ల పొలాల గోధుమతో ‘అసీదా’ కెలుకుతారు. మరిగే నీళ్లలో పిండి పోస్తూ కర్రతో తిప్పే తీరు చూస్తే రాయలసీమ సంకటి గుర్తొస్తుంది. మధ్యలో గుంట చేసి నెయ్యి, తేనె పోయడం అతిథి మర్యాద. ఇంట్లోవాళ్లకైతే ఏది దొరికితే అదే ఆ గుంటలో పడేది.

మక్కా, మదీనాలున్న పడమటి హిజాజ్ ప్రాంతం కథ వీటన్నిటికీ భిన్నం. మక్కా లోయలో పంట లేదు. తిన్నదంతా బయటినుంచి రావాలి, తినేవాళ్లూ బయటినుంచి వచ్చేవారు. 1481లో మదీనా మసీదు కాలిపోయాక దాన్ని మళ్లీ కట్టించిన మమ్లూకు సుల్తాన్ ఖాయిత్‌బాయ్, ఈజిప్టు భూముల ఆదాయంతో అక్కడి పేదలకు ధాన్యం పంపే వక్ఫ్ ఏర్పాటు చేశాడు. గోధుమను నూకగా మరపట్టి కాచే ‘దషీషా’ జావ, రొట్టె పంచడం దాని పని. ఆ జావ పేరే ఈ తరహా వక్ఫులకు స్థిరపడింది. 1517లో ఈజిప్టు గెలిచిన ఉస్మానియాలు దాన్ని కొనసాగించారు. సూయెజ్‌లో ఓడలకెక్కిన గోధుమ యన్బూ, జిద్దా రేవుల్లో దిగి ఒంటెలమీద నగరాలకు చేరేది. తర్వాత ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ పాషా మక్కాలో, మదీనాలో పెట్టిన అన్నసత్రాలు 20వ శతాబ్దంలోనూ పేదలకు రొట్టె, సూపు పెట్టాయి. అంటే ఈ పుణ్యనగరాల్లో సామాన్యుడి గిన్నె కొన్ని వందల ఏళ్లపాటు నైలు నది పంటతోనే నిండింది.

ఈజిప్టు నుంచి గోధుమే కాదు, ‘ఫూల్’ అనే ఫావా చిక్కుడు గింజలూ వచ్చాయి. 1814లో జిద్దాలో దిగిన స్విస్ యాత్రికుడు బర్క్‌హార్ట్ అక్కడి దుకాణాలను రకాలవారీగా లెక్కగట్టాడు. 27 కాఫీ అంగళ్లున్నాయని రాసిన ఆ జాబితాలోనే, పొద్దున్నే ఉడికిన ఫూల్ గింజలు అమ్మేవారూ ఉన్నారు. జనం నెయ్యి, మిరియాలు వేసుకుని తినేవారట. పద్ధతి పెద్దగా మారలేదు. మెడ సన్నగా ఉన్న పెద్ద జాడీలో గింజలు రాత్రంతా సన్నని సెగమీద మగ్గుతాయి. తెల్లవారుజామున పొడుగు గరిటె మెడలోంచి దించి తీస్తారు. జీలకర్ర, టమాటా, ఉల్లి, నువ్వుల ముద్ద వేసి మెదుపుతారు. కొందరు నిప్పు కణికను నూనెలో ముంచి మూతపెట్టి పొగ పట్టిస్తారు. పక్కన ఉండే ‘తమీస్’ రొట్టె మాత్రం ఈజిప్టుది కాదు, మధ్యాసియాది. హజ్‌కు వచ్చి ఉండిపోయినవారు, 1920లు, 30లలో సోవియట్ పాలన తప్పించుకుని వచ్చిన బుఖారీలు, ఆ తర్వాత అఫ్గాన్ రొట్టెకారులు దాన్ని ఇక్కడ నాటారు. గుంత తందూరులో కాలిన ఆ వెడల్పాటి రొట్టె, ఫూల్ కలిసి ఇప్పుడు జిద్దా, మక్కా, రియాద్‌లలో శుక్రవారం పొద్దుటి ఫలహారం.

వరి, మిరియాలు, చింతపండు తూర్పునుంచి భారతదేశపు ఓడల్లో వచ్చాయి. హిజాజ్ ఇళ్లలో ‘ముఅద్దస్’ అంటే మసూర్ పప్పు వేసి వండిన అన్నం. దాని పక్కన ‘హుమర్’ అనే చింతపండు పులుసు ఉంటుంది. చేపతో తినడం అలవాటు, చేప లేని పూట ఆ రెండూ చాలు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో హైదరాబాదు వాటా తక్కువేమీ కాదు. నిజాం రాజ్యం నుంచి వచ్చే యాత్రికుల కోసం మక్కాలో కట్టించిన రుబాత్ వసతి నేటికీ తెలంగాణ హాజీలకు ఉపయోగపడుతోంది. మదీనా వారి ‘షురైక్’ అనే గుండ్రని రొట్టె మీద నువ్వులు, పిండిలో సోంపు, నల్ల జీలకర్ర ఉంటాయి. ప్రయాణంలో కట్టుకుపోవడానికి వీలుగా ఉంటుంది గనుక హాజీల మూటల్లో చేరి దూరాలు పోయింది.

1938లో దమ్మాంలో 7వ నంబరు బావి చమురు చిమ్మాక ఈ వంటింటి లెక్కలన్నీ తారుమారయ్యాయి, అయితే అది ఒక్కరోజులో జరగలేదు. 1970ల చమురు ధరలతో డబ్బు ఇంటింటికీ చేరింది. 1972లో ప్రభుత్వం ధాన్యం గిడ్డంగులు, పిండిమరల సంస్థ పెట్టింది. ఎడారిలో లోతైన బోర్ల నీటిని తిరిగే గొట్టాలతో చిమ్మి గుండ్రటి గోధుమ చేలు సాగు చేశారు. 1984కల్లా దేశం తన గోధుమ తానే పండించుకుంది, 1990ల మొదట్లో దిగుబడి 40 లక్షల టన్నులు తాకి ఎగుమతి కూడా చేసింది. ఆ నీళ్లు వేల ఏళ్ల కింద భూమిలో చేరినవి, తిరిగి ఊరవు. 2008లో సేకరణ తగ్గిస్తామని ప్రకటించి 2016కల్లా ఆపేశారు, ఆ తర్వాత పరిమితంగా మళ్లీ అనుమతించారు. ఈ మధ్యలో చవక పిండి రొట్టె కార్ఖానాలను నింపింది. ఇంటి తందూరు చల్లారింది, తిరగలి మూలనపడింది, యవలు, సజ్జ కనుమరుగయ్యాయి. 1977లో పుట్టిన అల్‌మరాయ్ వంటి పెద్ద డెయిరీలు పాలను, మీగడను, వెన్నను ప్రతి దుకాణానికీ చేర్చాయి. ఒకనాటి అరుదైన నెయ్యి అన్నిటిమీదా పడటం మొదలైంది. అరటిపండు, రొట్టె కలిపి నలిపే మఅసూబ్ మీద ఇప్పుడు మీగడ, జున్ను, తేనె గుట్టగా పోస్తున్నారంటే ఆ ధోరణే కారణం.

అదే దశాబ్దాల్లో కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి కూలీలు, డ్రైవర్లు, ఇంటిపని మనుషులు సౌదీ చేరారు. పదిమంది పంచుకునే గదిలో వంతులవారీ వంటకు సౌదీ రొట్టె బాగా అక్కరకొచ్చింది. ఒక్క రియాల్‌కు దొరికే ఖుబ్జ్ చపాతీ ఒత్తే పని తప్పించింది. దానికి నంజుకోవడానికి పప్పు, టమాటా పచ్చడి, లేదంటే డబ్బాలో వచ్చే ఫూల్‌కే ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్రతో తిరగమోత. నెలాఖరులో మాంసం పద్దు తగ్గినప్పుడు ఆ గదుల్లో వండినది, నూరేళ్ల కిందట అహ్సా రైతు ఇంట్లో వండినదానికి సరుకుల్లో మరీ దూరమేమీ కాదు. ఎంపికగా కాక అవసరంగా వండటంలోనూ అంతే.

కోరి శాకాహారం తినే సౌదీలు కనబడటం మొదలైంది గత పదిపదిహేనేళ్లుగా. రాజకుటుంబానికి చెందిన ప్రిన్స్ ఖాలిద్ బిన్ అల్‌వలీద్ బిన్ తలాల్ తాను వీగన్ అని బాహాటంగా చెప్పుకుని, మొక్కల ఆధారిత ఆహార కంపెనీల్లో పెట్టుబడి పెట్టాడు. నగరాల కాఫీ దుకాణాల్లో బాదం పాలు, ఓట్స్ పాలు మామూలయ్యాయి. మరోపక్క పాత వంటలకు ప్రభుత్వ ఆదరణ దొరికింది. 2020లో పాకశాస్త్ర కమిషన్ ఏర్పడింది. 2021లో బురైదా యునెస్కో సృజనాత్మక నగరాల్లో వంటల విభాగంలో చేరింది. 2023 జనవరిలో గోధుమ నూకతో వండే జరీష్‌ను జాతీయ వంటకంగా, హాయిల్ వారి మఖ్షూష్‌ను జాతీయ తీపిగా ప్రకటించారు. జరీష్‌లో మజ్జిగ పడుతుంది, మఖ్షూష్ మీద నెయ్యి. రెండూ వీగన్ కావు. జాతీయ గౌరవం కలిగిన ఇంటి రూపానికే దక్కింది.

వంట మళ్లీ ఇంటికి చేరిన దారి ఇంకొకటి ఉంది. ‘అల్ ఉసర్ అల్ ముంతిజా’ పేరుతో ఇంట్లో వండి అమ్ముకునే కుటుంబాలను, ముఖ్యంగా స్త్రీలను, ప్రభుత్వం ప్రోత్సహిస్తోంది. బురైదా ఉత్సవాల్లో కులైజా బల్లలు వారివే. కొవ్వు విషయంలో కూడా మార్పు వచ్చింది. అల్ జౌఫ్‌లో ఆలివ్ తోటలు విస్తరించాయి, 50 లక్షల చెట్లున్న అక్కడి ఒక తోట 2018లో గిన్నిస్ పుస్తకమెక్కింది. ఫూల్ మీదికి నెయ్యికి బదులు ఆ నూనె వస్తోంది. తేనె మానినవారు దిబ్స్ వాడుతున్నారు. అయితే జాగ్రత్తలూ ఉన్నాయి. అన్నాన్ని చాలాచోట్ల మాంసం రసంలోనే ఉడికిస్తారు, కూరగాయల కూరలో మసాలా క్యూబ్ రూపంలో కోడి చేరుతుంది, అంగడి రొట్టె పిండిలో పాలపొడి కలవడమూ ఉంది. అహ్సా ఎర్ర రొట్టెతో, సాదా ముఅద్దస్‌తో ఆ బెడద తక్కువ. ఫూల్ అంగడిలో మాత్రం గిన్నె నింపకముందే చెప్పాలి. చెప్పకపోతే నెయ్యి పడుతుంది, చెబితే నువ్వుల నూనో ఆలివ్ నూనో పోసి ఇస్తారు, ధరలో తేడా ఉండదు.